హెచ్చరికలో ఉండని రోడ్డు

అబ్బాయికి వీసా వచ్చిందని తెలియగానే ఇంటికొచ్చిన చుట్టాలు అడిగే మొదటి మాట, "అక్కడ గొడవలేం లేవు కదా?" అని. కాల్పులు, అల్లర్లు, యుద్ధం, టీవీలో చూసినవన్నీ ఆ ఒక్క ప్రశ్నలోకి వచ్చేస్తాయి. "రాత్రి పని అయ్యాక రూముకి ఎట్లా వస్తావు నాన్నా? దారిలో లైట్లుంటాయా?" అని అడిగేవాళ్లు ఎక్కడో గానీ కనపడరు.

లెక్కలు చూస్తే మాత్రం ఈ రెండో ప్రశ్నకే ఎక్కువ బరువుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన రోడ్ల మీద ఏటా దాదాపు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. విదేశాలకు వెళ్లి, జబ్బుతో కాకుండా ఇతర కారణాలతో చనిపోయే అమెరికన్లలో రోడ్డు ప్రమాదాల వల్ల పోయేవాళ్లే ముందు వరుసలో ఉంటారని అక్కడి ఆరోగ్య అధికారులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్లు. అదే ఏడాది అమెరికాలో 7,500 మందికి పైగా నడిచేవాళ్లు వాహనాల కింద పడి చనిపోయారు. నాలుగింట మూడు వంతుల మరణాలు చీకటి వేళలోనే జరిగాయి.

కాబట్టి దేశం దాటేవాళ్లకి రెండు విద్యలు కావాలి. ప్రభుత్వాలిచ్చే ప్రయాణ హెచ్చరికను సరిగ్గా చదవడం ఒకటి, అందులో ఉండని తన దారిని తానే చదువుకోవడం ఇంకొకటి. ఊళ్లోనే ఉండి తెల్లవారుజామున వాకింగ్‌కి పోయే అమ్మానాన్నలకు ఆ రెండోది చాలు.

అంకె కాదు, కింద రాసింది చదవండి

అమెరికా విదేశాంగ శాఖ 2018 జనవరి నుంచి ప్రతి దేశానికీ 1 నుంచి 4 వరకు ఒక అంకె ఇస్తోంది. 1 అంటే మామూలు జాగ్రత్త చాలు, 2 అంటే ఇంకాస్త జాగ్రత్త, 3 అంటే వెళ్లాలా వద్దా మళ్లీ ఆలోచించుకోండి, 4 అంటే వెళ్లొద్దు. పత్రికల్లో, వాట్సాప్‌లో తిరిగేది ఈ అంకె ఒక్కటే. అసలు సరుకు దాని కింద ఉంటుంది: కారణం నేరాలా, ఉగ్రవాదమా, అల్లర్లా, ఆరోగ్యమా, అది దేశమంతటికా, ఒక జిల్లాకా, సరిహద్దుకి ఇన్ని కిలోమీటర్ల లోపలా అన్నది అక్కడ రాస్తారు. రోడ్ల పరిస్థితి గురించీ రాస్తారు గానీ, అది ఆ దేశం తాలూకు సమాచారం పేజీలో బాగా కిందికి పోతే గానీ తగలదు. నన్నడిగితే మొదట చదవాల్సింది అదే.

ఈ హెచ్చరికలను ఎట్లా అర్థం చేసుకోవాలో తెలియాలంటే మన గురించి వాళ్లు రాసింది చూడాలి. అమెరికా తన పౌరులకు భారతదేశం గురించి ఇచ్చే సూచనల్లో తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణ నుంచి పశ్చిమ బెంగాల్ దాకా ఉన్న గ్రామీణ ప్రాంతం పేరు ఏళ్లుగా ఉంటూ వచ్చింది. దసరాకి అమెరికా నుంచి ఆదిలాబాద్ జిల్లాలోని అమ్మమ్మగారింటికి వచ్చే పిల్లలకు ఇది చదివితే నవ్వొస్తుంది. కానీ అక్కడున్న వాక్యాన్ని నిదానంగా చదవండి. ఆ ప్రాంతంలో తమ పౌరులకు అత్యవసర సాయం అందించే శక్తి తమకు పరిమితం అన్నది దాని సారాంశం. అంటే హెచ్చరిక ప్రమాదం ఎంతుందో చెప్పడంతో ఆగదు. ఆపద వస్తే మా మనిషి మీ దాకా రాగలడా లేదా అన్నదీ చెబుతుంది. ఏ దేశం హెచ్చరిక చదివినా ఈ రెండో సంగతి వెతకండి. చివరికి అక్కరకొచ్చేది అదే.

ఎవరి హెచ్చరిక చదవాలి? మీ పాస్‌పోర్టు ఇచ్చిన ప్రభుత్వానిది. మనకైతే విదేశాంగ మంత్రిత్వ శాఖ, ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం. అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ అక్క ఓసీఐ కార్డు మీద వస్తుంటే ఆమె చూడాల్సింది అమెరికా వాళ్లది. టీవీ స్క్రోలింగు ఎవరిదీ కాదు.

హెచ్చరికకు గడువు రాసి ఉండదు, అదే చిక్కు. 2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని భారత రాయబార కార్యాలయం ఒక సూచన ఇచ్చింది: ఉండక తప్పనివాళ్లు కాకుండా మిగతావాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా ఉక్రెయిన్ విడిచి వెళ్లే ఆలోచన చేయండి అని. విద్యార్థుల్లో చాలామంది ఆగిపోయారు. క్లాసులు ఆన్‌లైన్‌లోకి మారలేదు, హాజరు పోతుంది, టికెట్ రేటు చుక్కలంటుతోంది, "రేపో మాపో సర్దుకుంటుందిలే" అన్నారు. 22న ఇంకో సూచన వచ్చింది, కాలేజీల నుంచి కబురు వచ్చేదాకా ఆగకుండా వెళ్లిపోండని. 24 తెల్లవారుజామున బాంబులు పడ్డాయి, విమానాశ్రయాలు మూతపడ్డాయి. ఆ తర్వాత ఆపరేషన్ గంగ, దాదాపు 22,500 మందిని తీసుకురావడం, అదంతా మనకు తెలుసు. తీసుకొచ్చారు సరే, కానీ ఆ పిల్లల్లో చాలామంది చలిలో కిలోమీటర్ల కొద్దీ నడిచి సరిహద్దు చేరారు. కొత్త సూచన పాతదానికన్నా ఒక మెట్టు గట్టిగా ఉందంటే, మూడోదాని కోసం కూర్చోకూడదు.

ఇంకో రకం హెచ్చరిక ఉంది. దీన్ని యుద్ధం అంత సీరియస్‌గా ఎవరూ తీసుకోరు. థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని తీసుకెళ్లి మయన్మార్, కంబోడియా, లావోస్‌లలోని సైబర్ మోసాల గూళ్లలో పడేస్తున్నారని మన విదేశాంగ శాఖ 2022 నుంచే చెబుతోంది. మన కుర్రాళ్లు కూడా అందులో చిక్కారు. ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి, "అక్కడికెళ్లాక మార్చుకోవచ్చు తమ్ముడూ, అందరూ అట్లాగే వెళ్తున్నారు" అంటే ఆ మాటతోనే లేచి వచ్చేయండి. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. మదద్ పోర్టల్‌లో విద్యార్థులు వివరాలు నమోదు చేసుకునే వీలుంది. అది ఇంట్లో కూర్చుని చేసే పని, ఎయిర్‌పోర్టు క్యూలో చేసేది కాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో యుద్ధం గురించీ, ప్రభుత్వం వద్దన్న చోటికి వెళ్లడం గురించీ షరతులు ఉంటాయి. ప్రీమియం ఎంతో చూసేముందు ఆ పేజీ చదవండి.

డ్రైవరు కళ్లతో మిమ్మల్ని చూసుకోండి

ఇక రోడ్డు సంగతి. హైదరాబాదు నుంచి రాత్రి బయల్దేరిన ట్రావెల్స్ బస్సు తెల్లవారుజామున నాలుగింటికి మీ ఊరి బైపాస్ దగ్గర ఆగుతుంది. "బైపాస్, బైపాస్, తొందరగా దిగండి" అని క్లీనరు అరుస్తాడు. నిద్రకళ్లతో దిగుతారు. చేతిలో సూట్‌కేసు, భుజాన బ్యాగు, ఒంటి మీద నేవీ బ్లూ టీషర్టు. బస్సు కదిలిపోయాక ఒక్కసారిగా చీకటి. ఊరు అవతలి పక్క. డివైడరులో ఎవరో పగలగొట్టిన సందు ఒకటుంది, అందరూ అక్కడే దాటుతారు. దూరంగా రెండు లైట్లు కనిపిస్తున్నాయి. "చాలా దూరం ఉందిలే, వాడికి మనం కనబడతాంగా" అనుకుని అడుగేస్తారు.

అసలు పొరపాటు అక్కడే ఉంది. ఆ లైట్లు మీకు అర కిలోమీటరు నుంచే కనిపిస్తాయి. మీరు వాడికి కనిపించరు. నడిచేవాళ్లు రాత్రిపూట తాము కనిపించే దూరాన్ని ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా ఊహించుకుంటారని పరిశోధనల్లో పదే పదే తేలింది. డిమ్ లైట్లలో ముదురు రంగు బట్టలేసుకున్న మనిషి డ్రైవరుకి కనిపించేది 30 మీటర్ల దూరంలో, మహా అయితే 50. ఇప్పుడు వాడి లెక్క చూడండి. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. మనిషి కనబడి, అది మనిషేనని తెలిసి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర. అప్పటికే 33 మీటర్లు అయిపోయాయి. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 35. మొత్తం 70 మీటర్లకు దగ్గర. కనిపించేది 30లో, ఆగేది 70లో. డ్రైవరు తాగి ఉండక్కర్లేదు, ఫోను చూస్తూ ఉండక్కర్లేదు. మంచివాడైనా, మెలకువగా ఉన్నా ఆగలేడు.

ఎదురుగా వచ్చే లారీ హై బీమ్ వేసుకుంటే ఇంకా కష్టం. ఆ వెలుగు తగిలాక కళ్లు సర్దుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అంతసేపూ వాడు దాదాపు గుడ్డిగానే పోతుంటాడు. రెండు వాహనాల లైట్ల మధ్య రోడ్డు నడుమ నిలబడ్డ మనిషి ఇద్దరికీ కనబడడు. అందుకే "సగం దాటి మధ్యలో ఆగుదాంలే" అన్న అలవాటు రాత్రిపూట పనికిరాదు. రెండు వైపులా ఖాళీ దొరికితేనే కదలాలి.

తెల్ల బట్టలు వేసుకోమని అందరూ చెబుతారు. నలుపు కన్నా నయమే, కానీ దాన్ని నమ్ముకుని హైవే ఎక్కకండి. ఎరుపు పగలు ఎంత దూరం నుంచైనా కొట్టొచ్చినట్టు ఉంటుంది, రాత్రయితే నలుపులో కలిసిపోతుంది. నియాన్ రంగు టీషర్టులు ఎండలో మెరుస్తాయి, హెడ్‌లైట్ల ముందు ఆ మెరుపు ఉండదు. రాత్రి నిజంగా పనిచేసేది రేడియం టేపు. బండి నంబరు ప్లేట్లు, స్టిక్కర్లు చేసే షాపులో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. పడ్డ వెలుగుని అటూ ఇటూ చెదరగొట్టకుండా వచ్చిన వైపుకే తిప్పి పంపడం దాని గుణం. అది ఒంటి మీద ఉంటే డిమ్ లైట్లలోనే 150 మీటర్ల నుంచి కనిపిస్తారు. ఇందాక చెప్పిన 70కి రెట్టింపు.

ఎక్కడ అంటించాలన్నది చాలామందికి తెలియదు. వీపు మీద అంటిస్తారు. డిమ్ లైటు వెలుగు కిందికి పడుతుంది కాబట్టి మోకాలి ఎత్తులో ఉన్నది ముందుగా మెరుస్తుంది. పైగా కదిలే చోట, అంటే చీలమండల దగ్గర, మోకాళ్ల దగ్గర, మణికట్లకు ఉంటే డ్రైవరు దూరం నుంచే అది నడుస్తున్న మనిషి అని పోల్చుకుంటాడు. వీపు మీది పట్టీ ఒక్కటే కనబడితే అది బోర్డో, రాయో, ఆగిన బండో అనుకునే వీలుంది. ఫిన్లాండ్‌లో ఈ లెక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు. చలికాలంలో పొద్దు తొందరగా గూకే ఆ దేశంలో, చీకట్లో నడిచేవాళ్లు రిఫ్లెక్టర్ పెట్టుకోవడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. కోటు జేబుకి దారం కట్టి మోకాలి దగ్గర ఊగేలా వేలాడదీస్తారు. పక్కనే ఉన్న ఎస్టోనియాలో అయితే పెట్టుకోకపోతే జరిమానా కూడా.

మనకు ఏ రోజుల్లో ఇది మరీ అవసరమో కూడా చెప్పాలి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు నల్ల బట్టల్లో, చెప్పులు లేకుండా, మంచులో, ఇంకా చీకటి ఉండగానే గుడికి నడుస్తారు. దీక్షకు నలుపు నియమం, దాన్ని మార్చమని ఎవరూ అనరు. భుజాన వేసుకునే సంచికి రెండు వేళ్ల వెడల్పు రేడియం ముక్క, రెండు కాళ్లకూ చెరో పట్టీ కట్టుకుంటే ఏ నియమమూ తప్పదు. తిరుపతికి గుంపులుగా నడిచిపోయేవాళ్లు ముందొకరు, వెనకొకరు టార్చి పట్టుకోవాలి. వెనక నడిచేవాడి టార్చి వెనక్కి, నేల మీదికి ఉండాలి.

మనవైపు ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి పక్కన, ఎదురుగా వచ్చే బళ్లను చూస్తూ నడవాలి. ఎడమ పక్కన నడిస్తే మీ చావుబతుకులు మీ వీపు వెనక ఉన్న డ్రైవరు చేతిలో పెట్టినట్టే. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

తల తిప్పే దిక్కు

చిన్నప్పటి నుంచి మనకు ముందు కుడివైపు చూడటం అలవాటు, ఎందుకంటే మన దగ్గర మొదటి బండి అటునుంచే వస్తుంది. అమెరికా, జర్మనీ, దుబాయ్, సౌదీ, ఖతార్, కువైట్‌లలో బళ్లు కుడి పక్కన నడుస్తాయి. మొదటి కారు ఎడమ నుంచి వస్తుంది. ఆలోచించి దాటినన్నాళ్లూ ఏం కాదు. అలసిపోయి, ఫోనులో ఇంటివాళ్లతో మాట్లాడుతూ దాటిన రోజు తల పాత దిక్కుకే తిరుగుతుంది. బ్రిటన్‌లో మనలాగే ఎడమ పక్క. అక్కడికి వచ్చే బయటివాళ్లకు ఇదే తిప్పలు కాబట్టి లండన్‌లో దాటేచోట ఎటు చూడాలో రోడ్డు మీదే పెద్ద అక్షరాలతో రాశారు. మిగతా ఊళ్లలో అంత దయ ఉండదు. బళ్లు కుడి పక్కన నడిచే కొత్త దేశంలో మొదటి నెలంతా ఎడమ, కుడి, మళ్లీ ఎడమ అని పైకి అనుకుంటూనే దాటండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

అమెరికాలో ఇంకో మెలిక ఉంది. చాలా చోట్ల ఎర్ర లైటు ఉన్నా ఆగి, చూసుకుని కుడివైపు తిరగవచ్చు. అట్లా తిరగబోయే డ్రైవరు చూపంతా తన ఎడమ మీద ఉంటుంది, ఖాళీ ఎప్పుడు దొరుకుతుందా అని. కుడి పక్కన ఫుట్‌పాత్ దిగుతున్న మీరు వాడి కంట పడరు. మీకు నడిచే బొమ్మ వెలిగినా సరే, వాడి కళ్లు మీ కళ్లలో పడ్డాకే కాలు కదపండి.

గల్ఫ్‌లో క్యాంపు ఒక పక్క, కిరాణా దుకాణం రోడ్డు అవతలి పక్క ఉంటుంది. వంతెన దాకా నడవడం బద్ధకమై అడ్డంగా పరుగెత్తేవాళ్లు జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లినవాళ్లలోనూ ఉన్నారు. యూఏఈలో కనిపించిన చోటల్లా దాటితే 400 దిర్హమ్‌ల జరిమానా ఎప్పటి నుంచో ఉంది. 2025 మార్చి చివరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం 80 కిలోమీటర్లు, ఆ పైన వేగం ఉన్న రోడ్ల మీద అట్లా దాటేవాళ్లకు జైలు దాకా పెట్టింది. పదకొండు గంటల డ్యూటీ చేసి వచ్చినవాడికి వంతెన దూరం అనిపించడం సహజమే. అయినా ఎక్కండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి పోలేను. జాగ్రత్తంతా నడిచేవాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. 2023 జనవరిలో సియాటిల్‌లో ఒక తెలుగు విద్యార్థిని జీబ్రా క్రాసింగ్ మీదే దాటుతోంది. 25 మైళ్ల పరిమితి ఉన్న ఆ వీధిలో 74 మైళ్ల దాకా వేగం అందుకున్న పోలీసు కారు ఢీకొట్టి ఆమె ప్రాణం తీసింది. వేగం 50 కిలోమీటర్ల నుంచి 65కి పెరిగితే దెబ్బ తిన్న మనిషి చనిపోయే ముప్పు నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఊళ్లలో ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరో, టిఫిన్ బండో, పార్కు చేసిన బైకులో ఉంటే నడిచేవాడు రోడ్డు మీదికి దిగక ఏం చేస్తాడు? ఫుట్‌పాత్ వాడుకునే హక్కు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో అంది. వీధి లైటు వెలగకపోతే స్తంభం మీద ఉన్న నంబరుతో మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయండి, మళ్లీ మళ్లీ చేయండి. అది కూడా ఇక్కడి పాఠమే.

మీ దారికి మీరే ఒక హెచ్చరిక రాసుకోండి

ప్రభుత్వం దేశానికి రాసినట్టే మీరు మీ రోజువారీ దారికి ఒక పేజీ రాసుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో వీధి ఫొటోలు తెరిచి బస్సు దిగే చోటు నుంచి గుమ్మం దాకా వేలితో నడిచి చూస్తే, వెళ్లకముందే సగం తెలిసిపోతుంది: ఫుట్‌పాత్ ఎక్కడ ఆగిపోతుంది, సిగ్నల్ ఎంత దూరం, స్తంభాలున్నాయా అని. మిగతా సగం చేరాక పగలు ఒకసారి, చీకటి పడ్డాక స్నేహితులతో ఒకసారి నడిచి చూసుకోవాలి.

డాలస్ శివారులో ఎంఎస్ చేసే అమ్మాయి రాసుకుంటే ఇలా ఉంటుంది. "చివరి బస్సు 9:40కి. దిగేది ఆరు లైన్ల రోడ్డుకి అవతల. సిగ్నల్ వెనక్కి 300 మీటర్లు, అక్కడిదాకా నడిచే దాటాలి. ఫుట్‌పాత్ పెట్రోలు బంకు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి గేటు దాకా లైట్లు లేవు, టార్చి వేసుకోవాలి. బస్సు తప్పినా, వాన పడినా క్యాబే. ఆ డబ్బు నెల ఖర్చులో ముందే పక్కన పెట్టాలి. బయల్దేరేటప్పుడు రూమ్మేట్‌కి లొకేషన్." అంతే, ఒక పేజీ కూడా అవలేదు. చాలా యూనివర్సిటీల్లో రాత్రిపూట విద్యార్థులను గది దాకా దింపే ఉచిత వాహనం ఉంటుంది. అడిగి ఆ నంబరు కూడా రాసుకోవాలి.

ఈ పేజీని ఒకసారి రాసి వదిలేయకూడదు, కాలంతో మార్చాలి. మనవాళ్లు ఎక్కువగా ఆగస్టులో చేరతారు. అప్పుడు డాలస్‌లో రాత్రి ఎనిమిది దాటితే గానీ పొద్దు గూకదు. నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పగానే సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది. దారి మారలేదు, క్లాసు టైము మారలేదు, కానీ నిన్నటిదాకా వెలుతురులో వచ్చిన అదే దారిలో ఇప్పుడు చీకట్లో రావాలి. సరిగ్గా అప్పుడే చలి మొదలై అందరూ నల్ల జాకెట్లు కొంటారు. కొనేటప్పుడే మెరిసే పట్టీ ఉన్నది చూసుకోండి, లేదా తెచ్చిన రోజే కుట్టించుకోండి.

అత్యవసర నంబరు ఆ పేజీ పైనే ఉండాలి: అమెరికాలో 911, యూరప్‌లో 112, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, యూఏఈలో పోలీసుకి 999, అంబులెన్సుకి 998. ఇక్కడ 112, 108, జాతీయ రహదారి మీద అయితే 1033. ఫోను లాక్ తీయకుండానే కనిపించేలా ఇంటివాళ్ల నంబరు, బ్లడ్ గ్రూపు పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో రెండు నిమిషాల పని.

అమ్మానాన్నలకు ఒక మనవి. రాత్రి వీడియో కాల్‌లో "తిన్నావా?" అన్న తర్వాత "ఇవాళ రూముకి ఎట్లా వచ్చావు?" అని కూడా అడగండి. వాళ్లు మిమ్మల్ని తిరిగి అడిగితే విసుక్కోకండి. పొద్దున్నే ఐదింటికి బైపాస్ మీద వాకింగ్‌కి పోయేది మీరే కాబట్టి, తెచ్చిన రేడియం టేపులో మొదటి రెండు ముక్కలు మీ బూట్ల మడమలకు అంటించుకోండి. మిగిలింది సూట్‌కేసులో పెట్టి పంపండి.